తెగిన అక్షరం

పలాసలో జీడిపప్పు మిల్లు నడిపే ఒక వ్యాపారి గారికి, ఆయన కూలి లెక్కలన్నీ వెబ్‌లో చూసుకోవడానికి వీలుగా ఒక అప్లికేషన్ తయారుచేసి ఇచ్చే పని నాకు వచ్చింది. నేను శ్రీకాకుళంలో ఇంటి నుంచే పనిచేస్తాను. ఆ మిల్లులో రోజుకు మూడు వందల మంది వరకు ఉంటారు. పిక్క కొట్టేవారు, పొట్టు తీసేవారు, గుండు పప్పును బద్ద నుంచి వేరుచేసేవారు, వీరందరికీ ఆ రోజు చేసిన కిలోలను బట్టి కూలి కడతారు. 2014 నుంచి 2023 వరకు పదేళ్ళ లెక్క ఒక పాత సాఫ్ట్‌వేర్‌లో ఉండిపోయింది. దానిని సీఎస్‌వీ ఫైలుగా, అంటే గడుల మధ్య కామాలు పెట్టి వరుసలుగా రాసిన ఫైలుగా, బయటకు తీస్తే సుమారు 9 లక్షల వరుసలు, 270 ఎంబీ వచ్చింది. పేరు, ఊరు, పప్పు రకం, గుమస్తా గారు రాసుకున్న వివరం అన్నీ తెలుగులోనే ఉన్నాయి.

270 ఎంబీ అంటే ఈ రోజుల్లో ఒక సినిమా ఫైలులో నాలుగో వంతు కూడా ఉండదు కనుక, దానిని పెద్ద ఫైలు అనుకోవడానికి నాకు మొదట మనసొప్పలేదు. నేను అప్లికేషన్ రాస్తున్న పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫైలు మొత్తాన్ని ఒక్కసారిగా వరుసల జాబితాగా మార్చి ఇచ్చే ఫంక్షన్ ఉంది. దానినే పిలిచాను. కొద్ది క్షణాల్లోనే 13,42,17,728 బైట్ల మెమరీ నిండిపోయిందన్న సందేశంతో ప్రోగ్రామ్ ఆగిపోయింది. పీహెచ్‌పీతో పనిచేసే వారందరికీ ఆ అంకె కంఠతా వచ్చి ఉంటుంది. అది సరిగ్గా 128 ఎంబీ, ఒక ప్రోగ్రామ్‌కు పీహెచ్‌పీ మామూలుగా ఇచ్చే హద్దు. ఫైలు 270 ఎంబీ అయితే హద్దును 300కి పెంచితే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే జాబితాలోని ప్రతి వరుసకూ దాని సొంత బైట్లతో పాటు, దాని పొడవు ఎంత, అది ఎక్కడుంది అని గుర్తుపెట్టుకోవడానికి అదనపు చోటు కావాలి. ఆ తరువాత ఆ వరుసను కామాల దగ్గర విడదీస్తే ప్రతి గడికీ మళ్ళీ అంతే. నేను హద్దును 800 ఎంబీకి పెంచాను. నేను అద్దెకు తీసుకున్న సర్వర్‌లో ఉన్న మెమరీయే 1 జీబీ, డేటాబేస్ కూడా అందులోనే నడుస్తుంది. మెమరీ అడుగంటినప్పుడు లినక్స్ తనంతట తాను ఒక ప్రోగ్రామ్‌ను ఎంచుకుని ఆపేస్తుంది. ఆ రోజు అది ఎంచుకున్నది నా ప్రోగ్రామ్‌ను కాదు, డేటాబేస్‌ను. దానితో సైటు మొత్తం పడిపోయింది. మెమరీ చాలనప్పుడు హద్దును పెంచడం అనే పద్ధతిని నేను ఆ రోజుతో మానుకున్నాను.

ఫైలును చదవడానికి దానినంతా చేతిలోకి తీసుకోవలసిన పని లేదు. ఒక వ్యక్తి పదేళ్ళ కూలి మొత్తం తెలియాలంటే ఇప్పటివరకు వచ్చిన మొత్తం ఒకటి, ఇప్పుడు చూస్తున్న వరుస ఒకటి ఉంటే చాలు. మూడు వందల మందికి మూడు వందల మొత్తాలు, వాటితో పాటు ఒక్క వరుస. ఫైలు 270 ఎంబీ ఉన్నా, 27 జీబీ ఉన్నా ఈ లెక్కకు పట్టే చోటు మారదు, పట్టే సమయం మాత్రమే మారుతుంది. ఈ సంగతి సిద్ధాంతంగా నాకు ముందే తెలుసు. కానీ ఫైలును ముక్కలుగా చదవాలని నిర్ణయించుకున్న తరువాత, ముక్కను ఎక్కడ తెంచాలి అన్న ప్రశ్న వస్తుందనీ, అందులో ఇంగ్లీషు రాసేవారికి ఎదురుకాని, తెలుగు వంటి లిపుల్లో రాసేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటి ఉందనీ అప్పటికి తెలియదు.

రెండో ప్రయత్నం, సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్‌లో చేశాను. అందులో ఫైలును స్ట్రీమ్‌గా తెరిస్తే అది 64 కేబీ చొప్పున, అంటే 65,536 బైట్ల ముక్కలుగా వస్తుంది. ముక్క రాగానే దానిని అక్షరాలుగా మార్చి, ముందు ముక్క నుంచి మిగిలిన కొసకు అతికించి, వరుసలుగా విడదీసి, ఒక్కో వరుసనూ డేటాబేస్‌కు పంపేలా రాశాను. మొదటిసారి నడిపినప్పుడు మెమరీ మళ్ళీ పెరుగుతూ పోయింది. కారణం వెతికితే ఇలా తేలింది. డిస్క్ నుంచి చదవడం వేగంగా జరుగుతుంది, డేటాబేస్‌లో రాయడం నెమ్మదిగా జరుగుతుంది, రాయడం పూర్తయ్యే దాకా ఆగమని చదివేవాడికి నేను ఎక్కడా చెప్పలేదు. అందువల్ల రాయవలసిన వరుసలన్నీ మెమరీలో గుట్టగా పేరుకుపోయాయి. మిల్లులో పొట్టు తీసే చోట ఇలా జరగదు. ముందున్న చేట ఖాళీ అయితేనే తరువాతి చేటలో పప్పు పోస్తారు. స్ట్రీమ్ మీద 'ఫర్ అవెయిట్' అనే లూప్ వాడి, లోపల డేటాబేస్ జవాబు కోసం ఆగితే నోడ్ కూడా అలాగే నడుస్తుంది. ఈ మార్పు తరువాత మెమరీ ఒకే స్థాయిలో నిలిచింది, 9 లక్షల వరుసలూ ఎక్కాయి. పని అయిపోయిందని వ్యాపారి గారికి ఫోన్ చేసి చెప్పాను.

నాలుగు రోజుల తరువాత గుమస్తా గారు ఫోన్ చేశారు. "బాబూ, మందస నుంచి వచ్చే ఒకామెకు ఓ రోజు కూలి తగ్గిపోనాది, ఓపాలి సూడు," అన్నారు. ఆమె తన ఇంట్లో క్యాలెండర్ మీద ప్రతిరోజూ ఎన్ని కిలోలు చేసిందో రాసుకుంటుందట. పాత సాఫ్ట్‌వేర్ లెక్కా, ఆమె క్యాలెండర్ లెక్కా ఒకటే చెబుతున్నాయి, నా లెక్క ఒక్కటే తగ్గింది. తేదీ చెప్పమని అడిగి, డేటాబేస్‌లో ఆ రోజు వరుసలను తెరిచి ఒక్కొక్కటే చూశాను. ఆమె వరుస ఉంది. కిలోలు ఉన్నాయి. కూలి ఉంది. కానీ ఊరి పేరు దగ్గర 'మం' తరువాత మూడు నల్లని వజ్రాల గుర్తులు, ఒక్కొక్క దానిలో తెల్లని ప్రశ్నార్థకం, వాటి తరువాత 'స' ఉన్నాయి. మధ్యలో ఉండవలసిన 'ద' లేదు. ఒకే పేరు గలవారు మిల్లులో చాలామంది ఉండడం వల్ల నేను మనిషిని పేరూ ఊరూ కలిపి గుర్తించేలా రాశాను. ఆ ఒక్క రోజుకు కంప్యూటర్ దృష్టిలో ఆమె వేరే ఊరి మనిషి అయిపోయింది, ఆ రోజు కూలి ఆ లేని మనిషి ఖాతాలో పడింది.

అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 అనే పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. వెబ్‌లో ఇప్పుడు దాదాపు అంతా నడిచేది దాని మీదే. అందులో ఇంగ్లీషు అక్షరానికీ, అంకెకూ, కామాకూ ఒక్కొక్క బైటు చాలు. తెలుగులో మాత్రం ప్రతి గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. గుణింతపు గుర్తులూ, సున్నా, పొల్లు కూడా విడివిడిగా మూడేసి బైట్లే. 'శ్రీకాకుళం' అని రాస్తే మన కంటికి నాలుగు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో పది గుర్తులు, డిస్క్ మీద ముప్పై బైట్లు. 'ద' అంటే 224, 176, 166 అనే మూడు బైట్ల వరుస. ఆ రోజు ఫైలులో ఒక 64 కేబీ ముక్క సరిగ్గా 224 దగ్గర ముగిసింది, 176, 166 తరువాతి ముక్కకు మొదట్లోకి వెళ్ళాయి. నేను ఏ ముక్కకు ఆ ముక్కను విడిగా అక్షరాలుగా మార్చాను. ఒంటరి 224 ఏ అక్షరమూ కాదు కనుక దాని చోట ఒక వజ్రం, తలలేని 176, 166 కూడా అక్షరాలు కావు కనుక వాటి చోట రెండు వజ్రాలు వచ్చాయి. ఒకసారి అలా మారిన తరువాత వాటిని ఎంత అతికించినా 'ద' తిరిగి రాదు, ఎందుకంటే అసలు బైట్లు అప్పటికే పోయాయి.

65,536ను మూడుతో భాగిస్తే 21,845 పోగా ఒకటి మిగులుతుంది. పీహెచ్‌పీలో తరచుగా వాడే 8,192 బైట్ల ముక్కను భాగిస్తే రెండు మిగులుతుంది. కంప్యూటర్‌లో ముక్కల పరిమాణాలు దాదాపు ఎప్పుడూ రెండును రెండుతో హెచ్చిస్తూ పోగా వచ్చేవే, అలా ఎన్నిసార్లు హెచ్చించినా వచ్చే సంఖ్య మూడుతో నిశ్శేషంగా భాగింపబడదు. అచ్చంగా తెలుగు మాత్రమే ఉన్న ఫైలయితే మొదటి ముక్క చివర అక్షరం తెగడం ఖాయం. నా ఫైలులో తేదీలు, అంకెలు, కామాలు ఒక్కో బైటువి మధ్యలో వస్తూ ఈ వరుసను జరుపుతుంటాయి కనుక కొన్ని ముక్కలు అదృష్టవశాత్తూ సరైన చోట తెగాయి. 270 ఎంబీని 64 కేబీ చొప్పున కోస్తే సుమారు 4,320 ముక్కలు. డేటాబేస్‌లో వజ్రపు గుర్తు ఉన్న వరుసలను వెతికితే 2,117 తేలాయి. 9 లక్షల్లో 2,117 అంటే నాలుగు వందల వరుసలకు ఒకటి, అందుకే నేను పైపైన చూసిన ఏ పేజీలోనూ అది కంటపడలేదు. ఇంగ్లీషు ఫైలుతో పరీక్షించి ఉంటే ఇది ఎన్నటికీ బయటపడేది కాదు. నేను పరీక్ష కోసం తయారుచేసుకున్న చిన్న ఫైలు తెలుగుదే, కానీ అది 40 కేబీ, అంటే మొత్తం ఒకే ముక్క, తెగడానికి అందులో అతుకే లేదు. తెలుగు సమాచారంతో పనిచేసే వారెవరైనా తమ పరీక్షా ఫైలు కనీసం రెండు మూడు ముక్కలకు సరిపడేంత పెద్దదిగా ఉందో లేదో చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

సరిచేయడం కష్టం కాదు. నోడ్‌లో స్ట్రీమ్ తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెబితే, తెగిన కొస బైట్లను అది తన దగ్గర ఉంచుకుని తరువాతి ముక్క వచ్చాక కలిపి ఇస్తుంది. బ్రౌజర్‌లో టెక్స్ట్ డీకోడర్‌కు కూడా ఇది స్ట్రీమ్ అని చెప్పే ఏర్పాటు ఉంది. ఈ పని మనమే చేసుకోవలసి వచ్చినా దారి ఉంది. యూటీఎఫ్-8లో అక్షరం మధ్యలో వచ్చే బైట్లు ఎప్పుడూ 128 నుంచి 191 లోపలే ఉంటాయి, అక్షరానికి మొదటిగా వచ్చే బైటు ఎప్పుడూ ఆ పరిధిలో ఉండదు. తెలుగు గుర్తు ఏదైనా 224తోనే మొదలవుతుంది, దాని తరువాత 176 గాని 177 గాని వస్తుంది. ముక్క చివరి నుంచి రెండు మూడు బైట్లు వెనక్కి నడిస్తే అక్షరం మొదలు దొరుకుతుంది.

ఇందులోనే ఇంకొక మేలు ఉంది. వరుస ముగిసిందని చెప్పే గుర్తు బైటు 10, కామా బైటు 44. ఇవి రెండూ 128 కంటే తక్కువ, కాబట్టి ఏ తెలుగు అక్షరం కడుపులోనూ ఇవి ఉండే అవకాశమే లేదు. అంటే బైటు 10 దగ్గర తెంచితే అక్షరం ఎన్నడూ తెగదు. ముక్కలను ముందు అక్షరాలుగా మార్చి తరువాత వరుసలుగా విడదీయడం నేను చేసిన తప్పు. బైట్లను బైట్లుగానే ఉంచి వరుసలుగా విడదీసి, పూర్తి వరుసను మాత్రమే అక్షరాలుగా మార్చితే ఈ చిక్కు మొదలే కాదు. పీహెచ్‌పీలో వరుస తరువాత వరుసగా చదివే ఫంక్షన్ మొదటి నుంచీ చేస్తున్నది ఇదే.

అయితే వరుస అంటే రికార్డు కాదు. గుమస్తా గారు వివరం గడిలో "గుండు 4 కిలోలు" అని రాసి, ఎంటర్ నొక్కి, కింద "బద్ద 2 కిలోలు" అని రాసే అలవాటు గలవారు. సీఎస్‌వీలో అలాంటి గడి చుట్టూ కొటేషన్ గుర్తులు ఉంటాయి, ఆ గుర్తుల లోపల వచ్చే బైటు 10 వరుస ముగింపు కాదు. సీఎస్‌వీ రూపాన్ని వివరిస్తూ 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం ఈ నియమాన్ని స్పష్టంగా చెబుతుంది. నేను సొంతంగా విడదీసిన చోట ఇలాంటి రికార్డు రెండుగా చీలి, రెండో సగం పేరూ తేదీ లేని వరుసగా మిగిలింది. కామా దగ్గర విడదీస్తే సీఎస్‌వీ చదివినట్టే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు, నేనూ చేశాను. అప్పుడు నోడ్ ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టి, అప్లికేషన్ మిగతా అంతా పీహెచ్‌పీలోనే ఉంది కనుక దిగుమతిని కూడా పీహెచ్‌పీలోనే తిరిగి రాశాను. సీఎస్‌వీ రికార్డును కొటేషన్‌లతో సహా అర్థం చేసుకుని ఒక్కొక్కటిగా ఇచ్చే ఫంక్షన్ అందులో ఉంది. దానిని 2013లో పీహెచ్‌పీ 5.5తో వచ్చిన జనరేటర్‌లో పెట్టాను. జనరేటర్ అడిగినప్పుడు ఒక రికార్డు ఇచ్చి, మళ్ళీ అడిగే దాకా అక్కడే ఆగుతుంది. బయట నుంచి చూస్తే మామూలు జాబితా మీద లూప్ తిప్పుతున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం ఎప్పుడూ ఒక్క రికార్డే ఉంటుంది. 270 ఎంబీ ఫైలు మొదటి నుంచి చివరి దాకా నడిచినా మెమరీ 10 ఎంబీ దాటలేదు. ఇది యూటీఎఫ్-8 అని తెలపడానికి ఫైలు మొదట్లో ఎక్సెల్ పెట్టే 239, 187, 191 అనే మూడు బైట్లను తీసేయడం మాత్రం మరచిపోకూడదు, లేకపోతే మొదటి గడి శీర్షిక పేరు ఎంత వెతికినా దొరకదు.

డేటాబేస్‌లో రాయడం గురించి ఒక మాట. ఒక్కో వరుసకు ఒక్కో కమిట్ చేస్తే, అంటే రాసినది ఖాయం చేయమని ప్రతిసారీ చెబితే, నేను వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ తన మామూలు అమరికలో ప్రతి కమిట్‌కూ లాగ్‌ను డిస్క్ మీద పదిలపరిచే దాకా ఆగుతుంది. 9 లక్షల సార్లు ఆగడం అంటే గంటలు. వెయ్యి వరుసలను ఒక ట్రాన్సాక్షన్‌లో కలిపితే 900 కమిట్‌లతో పని తీరుతుంది. అదే ట్రాన్సాక్షన్‌లో, ఫైలులో ఇప్పటికి ఎన్నో బైటు దాకా వచ్చామో ఆ అంకెను కూడా ఒక చిన్న పట్టికలో రాస్తాను. ఇది వేరుగా రాస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే వరుసలు ఎక్కి అంకె ఎక్కకపోతే తిరిగి మొదలుపెట్టినప్పుడు వెయ్యి మంది కూలి రెండుసార్లు పడుతుంది. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు. మధ్యలో ఎక్కడ ఆగినా ఆ బైటు దగ్గరికి నేరుగా వెళ్ళి అక్కడి నుంచి సాగవచ్చు. ఎంత శాతం పని అయిందో తెరపై చూపించడానికి కూడా ఆ అంకెను ఫైలు పరిమాణంతో భాగిస్తే చాలు, ముందుగా వరుసలన్నీ లెక్కపెట్టనక్కరలేదు.

ఇదంతా వెబ్ పేజీ అభ్యర్థనలో జరగకూడదు. అక్కడ పీహెచ్‌పీ మామూలుగా 30 సెకన్లకు మించి నడవనివ్వదు. పేజీ చేయవలసింది ఫైలును అందుకుని, పని ఉందని ఒక పట్టికలో రాయడం వరకే. కమాండ్ లైన్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌కు ఆ సమయ పరిమితి లేదు, అది వెనుక నుంచి ఆ పనిని తీసుకుంటుంది.

ఫైలు అందుకోవడం కూడా ముక్కలుగానే. పీహెచ్‌పీ మామూలుగా ఒక ఫైలును 2 ఎంబీ వరకు, దాని ముందుండే వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్ మొత్తం అభ్యర్థనను 1 ఎంబీ వరకు మాత్రమే అనుమతిస్తాయి. ఆ హద్దులను 300 ఎంబీకి పెంచడం తేలికే, కానీ పలాసలో సాయంత్రం కరెంటు పోతే 250వ ఎంబీ దగ్గర ఉన్న అప్‌లోడ్ మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. హద్దులను 8 ఎంబీకి మాత్రం పెంచి, బ్రౌజర్‌లోనే ఫైలును 5 ఎంబీ ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు వరుస సంఖ్య ఇచ్చి పంపేలా రాశాను. 54 ముక్కలు అవుతాయి. మధ్యలో ఆగిపోతే, ఎన్నో ముక్క దాకా వచ్చిందో బ్రౌజర్ సర్వర్‌ను అడిగి తరువాతి దాని నుంచి పంపుతుంది. ఇక్కడ ముక్క అక్షరం మధ్యలో తెగినా నష్టం లేదు, ఎందుకంటే ఇక్కడ ఎవరూ దానిని అక్షరాలుగా చదవడం లేదు, బైట్లను ఒకదాని వెనుక ఒకటి పేర్చడమే.

తిరిగి బయటకు ఇచ్చేటప్పుడు, అంటే పదేళ్ళ నివేదికను డౌన్‌లోడ్ చేసుకునే చోట, ఒక చిన్న మోసం ఉంది. వరుసలను ఒక్కొక్కటిగా తీసి ఒక్కొక్కటిగా బయటకు రాస్తున్నా, పీహెచ్‌పీ మామూలుగా ప్రశ్న అడిగిన వెంటనే మైఎస్‌క్యూఎల్ జవాబు మొత్తాన్ని మెమరీలోకి తెచ్చుకుంటుంది. బఫర్ లేని ప్రశ్నగా అడిగితేనే నిజంగా ఒక్కొక్కటిగా వస్తుంది.

రెండోసారి దిగుమతి పూర్తయ్యాక, ఈసారి ఎవరూ ఫోన్ చేసే దాకా ఆగకూడదని సరిచూసే ప్రోగ్రామ్ ఒకటి విడిగా రాశాను. ఫైలులోని రికార్డుల సంఖ్య, మొత్తం కిలోలు, మొత్తం కూలి ఒకవైపు, డేటాబేస్‌లోని అవే మూడు ఇంకొకవైపు పెట్టి పోల్చాను. మూడూ కలిశాయి. వజ్రపు గుర్తు ఉన్న వరుసలు సున్నా. మందస ఆమె ఖాతాలో ఆ రోజు కూలి సరైన చోట కనిపించింది, ఆ సంగతి గుమస్తా గారికి చెప్పాను. ఆ తరువాత, ఆదివారాలూ పండుగలూ కాకుండా వరుసగా రెండు రోజులకు మించి ఏ వరుసా లేని ఖాళీలను కూడా వెతకమని ప్రోగ్రామ్‌కు చెప్పాను, ఎందుకంటే మొదటి నుంచే ఫైలులోకి రాని రికార్డులను మొత్తాల పోలిక పట్టుకోలేదు. ఒకే ఒక్క పెద్ద ఖాళీ తేలింది. 2018 అక్టోబర్ 11 నుంచి రెండు వారాలకు పైగా ఒక్క వరుస కూడా లేదు.

పాత సాఫ్ట్‌వేర్ నుంచి ఎగుమతి చేసేటప్పుడు ఏదో ముక్క జారిపోయిందని భయపడి, ఫైలులో ఆ చోటికి నేరుగా వెళ్ళి చుట్టూ ఉన్న బైట్లను చూశాను. అక్టోబర్ 10 చివరి రికార్డు పూర్తిగా ఉంది, దాని తరువాతి బైటు నుంచే నెలాఖరు రోజుల రికార్డు మొదలైంది, మధ్యలో తెగిన ఆనవాలు లేదు. గుమస్తా గారికి ఫోన్ చేసి ఆ తేదీ చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "తిత్లీ తుఫాను కదా బాబూ. ఆ తెల్లారే మన పక్కనే తీరం దాటినాది. మిల్లు రేకులు ఎగిరిపోనాయి, కరెంటు లేదు, ఉద్దానంలో జీడి చెట్లన్నీ పడిపోనాయి. కూలెక్కడిది?" అన్నారు. సరిచూసే ప్రోగ్రామ్‌లో మిల్లు మూసి ఉన్న రోజుల కోసం ఒక పట్టిక చేర్చి, మొదటి వరుసగా ఆ తేదీలను, కారణం గడిలో ఆయన చెప్పిన మాటను రాశాను.